గంటలు, ఉరి

తొమ్మిది మంచాలు. ఇరవై ఒక్క రోజులు. ఒక్క రోజు కూడా ఒక్క పక్క తడవలేదు.

ఆ పట్టీని మూడుసార్లు చదివాను. నాలుగోసారి కళ్లజోడు తుడుచుకుని మరీ చదివాను. ఇరవై ఆరేళ్లు నర్సుగా పక్కలు మార్చిన చేతులు నావి. తొమ్మిది మంది ఆడవాళ్లు, అందులో ఆరుగురు అరవై దాటినవాళ్లు, ఒకామెకు పక్షవాతం. మూడు వారాలు ఎవరూ పక్క తడపలేదంటే పట్టీ అయినా అబద్ధం కావాలి, ఆ ఒళ్లల్లో నీళ్లయినా లేకుండా ఉండాలి.

"ఇది నిజమేనా జయరాం గారూ?" అన్నాను.

"దేవుని మీద ప్రమాణం మేడం. దుప్పట్లు మీరే చూసుకోండి. మా హోముకు నూటికి నూరు వచ్చేది దాంట్లోనే," అన్నాడు జయరాం. కొత్తచెరువు పొలిమేరలో ఉన్న ఆ 'చల్లనిల్లు' ఆశ్రయ గృహానికి అతను మేనేజరు. ఇస్త్రీ చొక్కా నలక్కుండా కుర్చీ అంచున కూర్చుని మాట్లాడుతున్నాడు.

నా పేరు కృపాకుమారి. దిక్కులేని ఆడవాళ్ల కోసం చిన్న చిన్న హోములు నడిపే ఒక ట్రస్టులో పనిచేస్తాను. హోముల్లో మనుషుల్ని ఎలా చూసుకుంటున్నారో చూసి వందకు ఇన్ని అని మార్కులు వేయడం నా ఉద్యోగం. మంచాల కింద దూరి వాసన చూస్తానని హోముల వాళ్లు వెనకాల నన్ను డిటెక్టివమ్మ అంటారు. వెటకారానికి పెట్టిన పేరే గానీ నాకు నచ్చి ఉంచుకున్నాను.

ఈసారి వచ్చింది మార్కుల కోసం కాదు. మొన్న శనివారం మధ్యాహ్నం రెండూ యాభైకి ఈ హోములో కెంచమ్మ అనే మనిషి వెనక గది కిటికీ ఊచకు చీరతో వేలాడుతూ కనిపించింది. మడకశిర అవతల గొర్రెలు కాచుకునే మనిషి, కన్నడం తప్ప రాదు, మతి తప్పి కదిరి బస్టాండులో తిరుగుతుంటే ఎవరో తెచ్చి ఇక్కడ చేర్చారు. ఎస్సై నరేంద్ర ఆత్మహత్య అని రాసుకున్నాడు. సంరక్షణలో లోపమేమీ లేదని ట్రస్టు నుంచి సాయంత్రం ఐదు లోపల ఒక్క కాగితం ఇస్తే ఫైలు మూసేస్తానన్నాడు. దాని మీద నా సంతకం పడితే రేపు పొద్దున పదింటికి ఇంకో ఆరుగురు ఆడవాళ్లను ఇదే ఇంటికి తెచ్చి దింపుతారు.

సంతకం పెట్టకపోతే ఏమవుతుందో జయరాం ముందే చెప్పేశాడు.

"లోపమని రాస్తే ఆయా ఎస్తేరును పట్టుకపోతారు మేడం. ఆ పొద్దు డ్యూటీలో ఉండింది ఆమే కదా. పాపం, మొగుడు లేడు, ఇద్దరు ఆడబిడ్డలు. మీ చేతిలో పని," అన్నాడు. జాలి పడుతున్నట్టే అన్నాడు గానీ అది బెదిరింపని నాకు అర్థం కాకపోలేదు.

అప్పుడు టైము ఒకటీ యాభై.

ముందు వంటింట్లోకి వెళ్లాను. మేడ మీద ట్యాంకు అంచు దాకా నిండి ఉందని వచ్చేటప్పుడే చూశాను. చుట్టుపక్కల బోర్లు ఎండిపోయినా ఈ ఇంటికి ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తుందని గేటు దగ్గరే చెప్పారు. మరి మనుషులు పడుకునే వరండాలో, ఏప్రిల్ నెలలో, ఒక్క నీళ్ల కుండ లేదు. ఒక్క మంచం పక్కన చెంబు లేదు. స్టీలు గ్లాసులు తొమ్మిదీ వంటింటి బీరువాలో బోర్లించి తాళం వేసి ఉన్నాయి. తాళం తీయించి, ఒకటి తీసి అడుగున వేలు పెట్టి రాస్తే దుమ్ము వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎస్తేరు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. తనకల్లు దగ్గరి పల్లె మనిషి, నలభై ఏళ్లుంటాయి. మూడు రోజులుగా ఏడ్చిన ముఖం.

"మాత్రలు ఎన్నింటికి ఇస్తావు ఎస్తేరూ?"

"పొద్దున ఆరున్నరకు, మాపటేల ఆరుకు అక్కా."

"కెంచమ్మకు ఏం మాత్రలు?"

"రక్తం పట్టేది. నల్లగా పెద్దగా ఉంటుంది సూడు, ఐరన్ మాత్ర. పూటకొకటి."

"నీళ్లు ఎన్ని పోస్తావు?"

ఆమె జయరాం ఉన్న వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "మూతెడు. సీసా మూత ఉంటుంది కదా, దాంతో. నాలుక తడిస్తే చాలన్నాడు సారు."

"ఏంటికి?"

"నీళ్లు తాపితే పక్క తడుపుతారంట. తడిపితే మార్కు పోతాదంట. మధ్యాన్నం మూడు దాటితే నీళ్లే బంద్. మూడు వారాలాయె ఈ పద్ధతి పెట్టి."

ఐరన్ మాత్రను చాలినన్ని నీళ్లు లేకుండా, పడుకున్న మనిషి నోట్లో వేస్తే అది కడుపుకు చేరదు. గొంతు దిగువన అంటుకుని అక్కడే కరుగుతుంది. రోజుకు రెండు చొప్పున అలా కరిగితే లోపల పుండు పడుతుంది. ఇది నర్సింగులో మొదటి ఏడాది పాఠం. ఎస్తేరు నర్సు కాదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లు మార్కులు లెక్కబెట్టుకుంటున్నారు.

"నీ రిజిస్టరు తీసుకురా," అన్నాను.

"మేడం, దాని సారాంశం టైపు చేసి మీకు పంపించినాం కదా," అంటూ జయరాం అడ్డు వచ్చాడు.

పంపించాడు, నిజమే. గురువారం నా చేతికి వచ్చిన సారాంశంలో 'నివాసి పదేపదే ఆత్మహత్య ఆలోచనలు వ్యక్తం చేస్తోంది, భద్రత గదికి అనుమతి కోరడమైనది' అని చక్కటి తెలుగులో ఉంది. శుక్రవారం నేనే అనుమతి ఇచ్చాను. ఆ గదికి తాళం పడింది నా సంతకంతోనే. ఈ మాట మూడు రోజులుగా నా అన్నం ముద్దకు అడ్డం పడుతోంది.

"సారాంశం వద్దు. చేత్తో రాసింది కావాలి."

ఎస్తేరు రాత పెద్ద పెద్ద అక్షరాలతో, విన్నది విన్నట్టుగా ఉంది. మొదటి వారం: 'కెంచమ్మ మాత్ర వేసినాక ఉరి అనింది.' రెండో వారం: 'గొంతు పట్టుకోని ఉరి ఉరి అంటాంది. అన్నం తినలేదు.' పదిహేడో రోజు: 'ఉరి అని ఏడ్చింది. సారుకు చెప్పినా.' ఆఖరిది శనివారం పొద్దున ఏడూ పదికి రాసింది.

'గంటలు, ఉరి అనింది. మూడు తూర్లు అనింది. గంటల్లోనే ఉరేసుకుంటాదని బయమై సారుకు చెప్పినా. సారు ఏడున్నరకు వెనక రూములో పెట్టి బీగమేసినాడు.'

"ఎస్తేరూ, ఆమె ఎట్లా అనిందో అట్లాగే అను. చెయ్యి ఎక్కడ పెట్టుకునింది?"

ఎస్తేరు కుడి చెయ్యి లేపబోయి ఆగింది. "ఆయమ్మకు కుడి చెయ్యి పైకి లేవదక్కా, తల దువ్వేది కూడా నేనే. ఎడం చేత్తో ఇట్లా..." అని గొంతు మీద నాలుగు వేళ్లు ఆనించి, ముఖం చిట్లించి, "గంటలు... ఉరి. గంటలు ఉరి..." అంది.

మడకశిర ఆస్పత్రిలో నాలుగేళ్లు పనిచేశాను నేను. ఓపీలో రోజుకు పది మంది ఆ మాటే చెప్పేవాళ్లు, ఇలాగే గొంతు పట్టుకుని. నేను మందు రాయించేదాన్ని.

"ఎస్తేరూ, అది కన్నడం. గంటలు అంటే గొంతు. ఉరి అంటే మంట."

ఆమెకు వెంటనే ఎక్కలేదు.

"గొంతు మంట, గొంతు మంట అని చెప్పింది నీకు. మాత్ర వేసిన ప్రతిసారీ."

ఎస్తేరు గోడకు ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది. "ఇరవై దినాలు చెప్పిందక్కా... నాకే చెప్పింది. నేను చీర ముళ్లు ఇప్పినా, తాళ్లు దాచినా, ఉరేసుకుంటాదని రాత్రిళ్లు పక్కన పండుకొని కాపలా కాసినా..." అని నోట్లో కొంగు కుక్కుకుంది. ఆమెను ఓదార్చే అర్హత నాకు లేదు. చేత్తో రాసిన ఆ రిజిస్టరును శుక్రవారమే అడిగి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది.

రెండూ ముప్పైకి వెనక గది తాళం తీయించాను. నాతోపాటు హెడ్ కానిస్టేబుల్ కుళ్లాయప్ప లోపలికి వచ్చాడు. నా కాగితం తీసుకుపోవడానికి ఎస్సై పంపిన మనిషి. పొద్దున్నుంచి గేటు దగ్గర నీడలో కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకుంటున్నాడు.

గది పది అడుగులకు ఎనిమిది. పైన రేకులు. తలుపు తీయగానే లోపలి గాలి ముఖానికి తగిలి వెనక్కి అడుగు వేశాను. మంచం లేదు, చాప ఒకటి. వరండా వైపు ఒకటే కిటికీ, దానికి నా భుజం ఎత్తులో అడ్డ ఊచ.

"ఏమప్పా, ఈడ మనిషిని పెట్టినారా!" అన్నాడు కుళ్లాయప్ప, టోపీ తీసి విసురుకుంటూ. "మా స్టేషను లాకప్పే నయం కదా."

గచ్చంతా దుమ్ము. తూర్పు మూల మాత్రం తుడిచి ఉంది, ఆ మూలన మాత్రమే ఫినాయిల్ వాసన. మోకాళ్ల మీద కూర్చుని గోడ అంచున గోటితో గీకాను. గోటికి ముదురు గోధుమ రంగు పొడి అంటింది. ఎండిన రక్తం ఏ రంగులో ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. గొంతులో పుండు పగిలి కక్కుకుంది మనిషి.

"శనివారం ఈ మూల తుడిచింది ఎవరు?"

"నేను కాదు," అంది గుమ్మంలో నుంచి ఎస్తేరు. జయరాం ఆమె వెనకే నిలబడ్డాడు.

"ఏడున్నర నుంచి రెండూ యాభై దాకా ఈ గదిలోకి నీళ్లు ఎవరు ఇచ్చారు?"

"నీళ్లంటే... చెంబు ఇస్తే దాంతో కొట్టుకుంటారేమో అని..." జయరాం నసిగాడు. "భద్రత గదిలో పాత్రలు ఉండకూడదని రూలు మేడం. మేము పెట్టింది కాదు."

"రూలు నేను పెట్టినది. నన్ను అడగండి ఆంటీ."

గుమ్మంలో ప్రణీత్. మా ట్రస్టుకే కొత్తగా వచ్చిన కన్సల్టెంటు. ముప్పై నిండలేదు, అనంతపురంలో పలుకుబడి ఉన్న ఇంటి కుర్రాడు. నేను మూడు గంటలు తిరిగి వేసే మార్కులు ట్యాబ్ మీద ఇరవై నిమిషాల్లో వేస్తాడు. తడవని పక్కలకు నూటికి నూరని పెట్టింది అతనే. నన్ను ఆంటీ అంటే మండుతుందని తెలిసే అంటాడు.

"శనివారం పది నుంచి పన్నెండున్నర దాకా నేను ఈడనే ఉన్నాను," అన్నాడు. "ఈ గదిని కళ్లారా చూసినాను. భద్రత విభాగంలో పదికి పది ఇచ్చినాను. ఏమి తప్పు?"

"చదువు, దేనికి ఇచ్చావో."

ట్యాబ్ తెరిచి గబగబా చదివాడు. "తాళ్లు లేవు. పగిలే వస్తువులు, పాత్రలు లేవు. మూరెడుకు మించిన గుడ్డ లేదు, చీర తీసి నైటీ ఇచ్చినారు. తీసిన చీర ఆఫీసు బీరువాలో భద్రపరిచినారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి."

"నీళ్లు?"

"ఆ గడి ప్రొఫార్మాలో లేదు."

"లేదు. ఎండలో రేకుల గదిలో పెట్టిన మనిషికి నీళ్లు ఇచ్చారా లేదా అని అడిగే గడి నీ ప్రొఫార్మాలో లేదు! రెండున్నర గంటలు ఇక్కడే ఉన్నావు కదా, కెంచమ్మతో ఏం మాట్లాడావు?"

"కిటికీలోంచి చూసినాను. మూలన పడుకోని ఉండింది. ప్రశాంతంగా ఉందని రాసినాను."

"ప్రశాంతంగా!" అన్నాను. ఆ ట్యాబ్ లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. కుళ్లాయప్ప ఉన్నాడని ఆగాను. "సరే, ఒక్క మాట చెప్పు. నీ పది మార్కులూ నిజమేనా? పన్నెండున్నరకు నువ్వు పోయేటప్పుడు ఈ గదిలో చీర లేదా?"

"లేదు. నేనే చూసినాను. ఫొటో కూడా ఉంది."

"అయితే రెండూ యాభైకి ఆమె మెడకు ఉన్న చీర ఆఫీసు బీరువాలో నుంచి ఇక్కడికి ఎలా వచ్చింది? కుడి చెయ్యి లేవని మనిషి నా భుజం ఎత్తున ఉన్న ఊచకు ముడి ఎలా వేసింది?"

ప్రణీత్ మార్కులే అతన్ని పట్టించాయి. కుళ్లాయప్ప నెమ్మదిగా జేబులోంచి నోటుబుక్కు తీశాడు.

"బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉంటాది సామీ?" అని జయరామును అడిగాడు.

"నా తావనే... కానీ ఆ పొద్దు ఎస్తేరుకు ఇచ్చినా. గుడ్డలు తీసుకోవల్ల అనింది," అన్నాడు జయరాం. చూపు మాత్రం గచ్చు మీద ఉంది. "చీర ఆమే ఇచ్చింటుంది మేడం. జాలిపడి."

"అబద్ధం!" అని ఎస్తేరు గట్టిగా అరిచింది. "ఆ చెవి నా చేతికి ఎప్పుడు ఇచ్చినావు సార్? ఒంటిగంట నలభైకి నేను కిటికీలోంచి చూస్తిని. ఆయమ్మ గమ్మున పండుకొని ఉండె. ఉరి అనలేదు. నెమ్మదైంది అనుకొని రొట్టెలు కాల్చేకి పోతి. ఈ పొద్దు బాగుందని సంతోషపడితిని అక్కా..."

అప్పటికి నా లెక్క పూర్తయింది. అందరికీ వినబడేటట్టు చెప్పేశాను. "గొంతులో పుండు, ఏడు గంటలు చుక్క నీళ్లు లేవు, ఒళ్లు కాలే ఎండ. ఒకటీ నలభైకి స్పృహ తప్పింది, రెండు ప్రాంతంలో ప్రాణం పోయింది. ఆ తరువాత చూసిన మనిషికి భయం పట్టుకుంది. గొంతు మంట అని ఆమె కన్నడంలో అన్న మాట రిజిస్టరులో ఇరవై రోజులుగా ఉరి ఉరి అని ఉండనే ఉంది. చచ్చిపోయిన మనిషిని తీసి ఊచకు కట్టేశారు. బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్లే ఆ పని చేశారు."

జయరాం చొక్కా చంకల దగ్గర తడిసిపోయింది. అయితే ప్రణీత్ గట్టిగా నవ్వాడు.

"కథ బాగుంది ఆంటీ. కానీ నిన్న సాయంత్రమే పోస్టుమార్టం చేసిన డాక్టరు ఎస్సైకి చెప్పినాడు. కుళ్లాయప్పన్నా, నువ్వే చెప్పు."

కుళ్లాయప్ప మెడ గోక్కున్నాడు. "అవు మేడం. ఉరి బిగుసుకోనే పాణం పోయిందంట. ముందే సచ్చిన మనిషిని కడితే మెడ మీద గుర్తు అట్ల పడదంట. మిగిలిందంతా రిపోర్టులో వస్తాది, పదిదినాలు పడుతాదన్న్యాడు."

ఇరవై ఆరేళ్ల అనుభవం ఒక్క దెబ్బకు గంగలో కలిసింది. ఉరితోనే చచ్చిపోయిందంటే నేను చెప్పిందంతా తప్పు. స్పృహలో ఉండి, ఎవరో ఇచ్చిన చీరతో ఎలాగో తంటాలు పడి తనే వేసుకుందని రేపు ఎవరైనా వాదించవచ్చు. చీర ఇచ్చిన మనిషిగా ఎస్తేరు మిగులుతుంది.

ప్రణీత్ గొంతు మెత్తబడింది. "మాట అపార్థం చేసుకోవడం, చీర ఇవ్వడం, రెండూ ఆయా తప్పులే. హోము పద్ధతిలో లోపం లేదు. అట్లా రాయండి. టైము మూడూ నలభై."

"పద తల్లీ," అన్నాడు కుళ్లాయప్ప ఎస్తేరుతో. కటువుగా అనలేదు. "స్టేషనులో ఎస్సైతో చెప్పుకుందువు."

ఎస్తేరు కళ్లు తుడుచుకుని లేచింది. "వస్తానన్నా. రొంతసేపు ఆగు. సుంకమ్మను ఇంకో పక్కకు తిప్పి వస్తా. పొద్దున్నుంచి ఒకే పక్కన ఉండాది, నేను పోతే తిప్పేవాళ్లు లేరు. ఈపు పుండు పడుతాది."

స్టేషనుకు తీసుకుపోతామంటే పక్షవాతం మనిషి వీపు గురించి ఆలోచించింది ఆమె. వందకు ఎన్ని మార్కులు వేస్తారు దీనికి? ఏ గడిలో వేస్తారు? నేను కూడా ఆమె వెంట వరండాలోకి వెళ్లాను.

సుంకమ్మ మంచం వరండా చివర ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి, కుడి పక్క పడిపోయింది. మంచానికి కట్టిన అట్ట మీద 'మాట లేదు' అని రాసి ఉంది. ఎవరూ ఆమెను ఏమీ అడగరు. ఇద్దరం కలిసి ఆమెను ఎడమ పక్కకు తిప్పాము. అప్పుడు ఆమె ముఖానికి ఎదురుగా, నాలుగడుగుల దూరంలో, వెనక గది కిటికీ వచ్చింది.

సుంకమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. ఎడమ చేత్తో నా కొంగు పట్టుకుని లాగింది. ఇటు వద్దు, అటే తిప్పమన్నట్టు.

"శనివారం మధ్యాహ్నం ఈమెను ఏ పక్కన పడుకోబెట్టావు?"

"ఈ పక్కనే," అంది ఎస్తేరు.

సుంకమ్మ పెదాలు పగిలి చెక్కు కట్టి ఉన్నాయి. నాలుక అంగిలికి అంటుకుపోయి ఉంది. మాట లేదని రాసినవాళ్లు ఒక్కసారైనా ఆ నోరు తడిపి చూశారా అనిపించింది. తల కింద రెండు దిండ్లు ఎత్తుగా పెట్టించాను. గ్లాసుడు నీళ్లు తెప్పించి చెంచాతో పోయడం మొదలుపెట్టాను. చెంచా పోసి, మింగిందో లేదో గొంతు మీద వేలు పెట్టి చూసి, మళ్లీ చెంచా. ప్రణీత్ ఒకసారి వాచీ చూసుకున్నాడు.

"పక్క తడుపుతాది మేడం," అన్నాడు జయరాం. అలవాటుగా వచ్చేసిన మాట.

"తడపనీ," అన్నాను.

సగం గ్లాసు అయ్యేసరికి పది నిమిషాలు పట్టింది. సుంకమ్మ దగ్గింది. గొంతులో ఏదో కదిలింది. ఎస్తేరు ఆమె చెవి దగ్గర వంగి, "అవ్వా, కెంచమ్మను ఎవరు కట్టినారో సూసినావా?" అని అడిగింది.

"సూ... సినా."

మాట వంకరగా, ముక్కలుగా వచ్చింది గానీ మాటే. జయరాం ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎవరవ్వా?"

సుంకమ్మ ఎడమ చెయ్యి లేచింది. వేలు చాపలేక పిడికిలితోనే చూపించింది. జయరాం వైపు. "మోసె. ఊచ కాడికి... మోసె. చీర... కట్టె."

"అబద్ధం, దాని మతి సరిగ్గా లేదు మేడం. మాటే లేదు దానికి, అట్ట మీద రాసింది చూడండి!"

నేను అతన్ని పట్టించుకోలేదు. నాకు అర్థం కాని ముడి ఒక్కటే మిగిలి ఉంది. దాన్నే అడిగాను. "సుంకమ్మా, బాగా గుర్తు తెచ్చుకో. ఆయన మోసేటప్పటికి కెంచమ్మకు ప్రాణం పోయిందా?"

సుంకమ్మ చాలాసేపు కిటికీ వైపు చూసింది. ఎడమ కంటి నుంచి నీరు కారి దిండులో ఇంకిపోయింది.

"లే," అంది. "నా తట్టు... సూసె. కన్ను తెరిసె."

"మాట్లాడిందా?"

"నీరు అనె." ఒక గుక్క పీల్చుకుంది. "రెండు తూర్లు... నీరు అనె."

తెలుగులోనూ కన్నడంలోనూ ఒకటే మాట. దాన్ని అపార్థం చేసుకోవడానికి ఎవరికీ వీలు లేదు. పోస్టుమార్టం తప్పు కాదు. నా లెక్కే తప్పు. జయరాం శవాన్ని కట్టలేదు.

"లేదు మేడం... లేదు," అన్నాడు జయరాం. గోడ పట్టుకుని నిలబడ్డాడు, ఇస్త్రీ చొక్కాకు సున్నం అంటుకుంటున్నా చూసుకోలేదు. "పిలిస్తే పలకలే. ముట్టుకుంటే కదల్లే. మార్కులొచ్చిన పొద్దే చచ్చిపాయెనే అని... నాకు చేతులూ కాళ్లూ ఆడలే. భుజాన వేసుకున్నప్పుడు నోట్లో నుంచి ఏదో వచ్చె. పీనుగు లోపల గాలి ఉంటాది కదా మేడం, ఎత్తితే బయటికి వస్తాది కదా. గాలి అనుకున్న్యా. దేవుని తోడు, గాలి అనే అనుకున్న్యా."

ప్రణీత్ ట్యాబ్ వెలుగు ఆరిపోయింది, అతను మళ్లీ వెలిగించలేదు. ఎస్తేరు సుంకమ్మ చేతిని రెండు చేతుల్లో పట్టుకుని మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

కుళ్లాయప్ప వెళ్లి గేటు వేసి గడియ పెట్టి వచ్చాడు. నోటుబుక్కులో ఒక పేజీ చించి, కొత్త పేజీ తీసి, పెన్ను విదిలించాడు.

"రెండో తూరి అనినప్పుడు ముడి వేసినావా, ఇంకా వేయలేదా?" అని అడిగాడు.

జయరాం సుంకమ్మ ముఖంలోకి చూశాడు. ఆమె కళ్లు తిప్పుకోలేదు.

"వేస్తాంటి," అన్నాడు.

నేను టైము చూసి చెప్పాను. నాలుగూ పదకొండు. కుళ్లాయప్ప అది రాసుకున్నాడు. గ్లాసులో ఇంకా సగం నీళ్లు ఉన్నాయి. చెంచా తీసుకుని సుంకమ్మకు పోయడం మొదలుపెట్టాను.